నిప్పు నేల మీద ద్రాక్షతోటలు

గత భాగంలో మైసోలియా తీరాన, అంటే మన కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల, సన్నని నూలుబట్టల మూటలు ఓడకెక్కడం చూశాం. ఈసారి ఆ వ్యాపారానికి రెండో కొస పట్టుకుందాం. అది ఇటలీలో, నేపుల్స్ అఖాతం ఒడ్డున ఉంది. ఆ సీమను రోమన్ల కాలంలోనూ ఇప్పుడూ కంపానియా అనే అంటారు. కొండల మీద ద్రాక్ష, కొండల కింద నిప్పు, ఎదురుగా నీలి సముద్రం. పాత నగరాల్లో కొన్ని బూడిద కింద, కొన్ని నీటి కింద.

అక్కడికి వెళ్లడానికి మనకు సొంత కారణం ఒకటుంది. మన చరిత్ర పాఠ్యపుస్తకాల్లో తప్పకుండా కనిపించే మాట: ఆంధ్రులకు లెక్కకు మించిన పల్లెలూ, గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలూ ఉన్నాయని, వాళ్ల రాజు దగ్గర లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని ఒక రోమన్ రాశాడు. ఆ రాసినవాడు పెద్ద ప్లినీ. ఆయన ఈ అఖాతం ఉత్తరపు కొసన ఉన్న మిసేనం రేవులో రోమన్ నౌకాదళానికి అధిపతి. క్రీ.శ. 77లో చక్రవర్తి కొడుకు టైటస్‌కు అంకితమిచ్చిన 37 సంపుటాల ప్రకృతి చరిత్రలో ఆరో సంపుటంలో ఆంధ్రులున్నారు, పద్నాలుగో సంపుటంలో ద్రాక్షతీగలూ వైన్లూ ఉన్నాయి. రెండూ రాసిన చెయ్యి ఒకటే. మరో రెండేళ్లకు, 79లో, వెసూవియస్ పేలినప్పుడు తీరం మీద చిక్కుకుపోయిన వాళ్లను ఓడల్లో ఎక్కించడానికి బయల్దేరి, స్టాబియే ఒడ్డున ఆయన ప్రాణం విడిచాడు. మన ఏనుగుల లెక్క రాసుకున్న మనిషి ఈ నల్ల ఇసుక మీద పడి చనిపోయాడని తెలిశాక, ఈ తీరం నాకు పరాయి తీరంలా అనిపించలేదు.

రోమ్‌తో మన వ్యాపారం అనగానే మనం నాణేల గురించే మాట్లాడతాం. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన వెండి దినారాల రాశి, వాటి మీద ఆగస్టస్, టిబెరియస్‌ల ముఖాలు. నాగార్జునకొండలో బంగారు నాణేలు. ఇండియా ఏటా అయిదు కోట్ల సెస్టెర్స్‌ల సొమ్ము లాగేసుకుంటోందని ప్లినీ వాపోయిన సంగతి ప్రతి ఉపన్యాసంలోనూ వింటాం. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ నాణెం చెప్పేది రాజు ముఖం, ముద్ర వేసిన కాలం, అంతవరకే. ఆ నాణెంతో పాటు ఓడలో ఇంకేం వచ్చింది, దాన్ని ఎవరు పండించారు, ఎవరి వీపు మోసింది అనేది నాణేనికి తెలియదు. అది మట్టి పెంకుకు తెలుసు. అందుకే ఈ భాగంలో నాణేలను పక్కనపెట్టి ఒక కూజాను పట్టుకుని నడుస్తాను.

ఆ కూజా పేరు ఆంఫొరా. ఇరుకు మెడ, రెండు చెవులు, అడుగున నిలబడడానికి వీల్లేని కొన. ఓడ అడుగున వరసల మధ్య వరస గుచ్చి పేర్చడానికి, ఎత్తేటప్పుడు మూడో పిడిగా పట్టుకోవడానికి ఆ కొన. లోపలి గోడకు పైన్ చెట్టు జిగురు కాచి పూసేవాళ్లు, వైన్ మట్టిలోకి ఇంకకుండా. పాత రకం కూజా ఖాళీగానే సుమారు 25 కిలోలుండేది, పట్టే వైన్ కూడా సుమారు అంతే. సగం బరువు మట్టిదే అయితే ఓడవాడికి ఏం మిగులుతుంది? క్రీ.పూ. ఒకటో శతాబ్ది చివరికొచ్చేసరికి గ్రీకుల కోస్ దీవి కూజాను చూసి గోడలు పలచన చేశారు; రెండు పాయలు కలిపి అతికించినట్టుండే చెవులు పెట్టారు. దక్షిణ భారతదేశపు తీరాలకు ఎక్కువగా వచ్చింది ఈ తేలిక రకం.

ఇక అసలు గుర్తు. నేపుల్స్ అఖాతం చుట్టూ చేసిన కూజా పెంకు విరిస్తే, ఎర్రటి మట్టిలో నల్లగా మిలమిల మెరిసే రేణువులు కనిపిస్తాయి. అవి అగ్నిపర్వతపు లావాలో పుట్టిన ఆగైట్ స్ఫటికాలు. కుమ్మరి బంకమట్టిలో కలపడానికి దగ్గరలోని ఇసుక తెచ్చుకున్నాడు. ఆ ఇసుక వెసూవియస్ కక్కినది. ఈ నల్ల ఇసుక పెంకులు పుదుచ్చేరి పక్కన అరికమేడులో దొరికాయి. కేరళలో పట్టణం అనే ఊళ్లో, ముజిరిస్ రేవు అదేనని చాలామంది పండితులు నమ్మే చోట, దొరికాయి. రాసిన ముద్ర లేకపోయినా, పేరు లేకపోయినా, పుట్టిన కొండ ఏదో పెంకులోనే ఉంది.

ఇక ఆ కొండ దగ్గరికి.

నేపుల్స్ నగరానికి తూర్పున వెసూవియస్, 1,281 మీటర్లు. దాన్ని అందరూ చూస్తారు. పడమటి వైపున ఉన్న రెండో అగ్నిపర్వతాన్ని మాత్రం దాని మీదే నిలబడి కూడా చాలామంది గుర్తుపట్టరు. శిఖరం ఉండదు. విశాలమైన గుంట, అందులో చిన్నచిన్న బిలాలు, వాటి మీద ఊళ్లు, తోటలు, చెరువులు. పేరు కాంపి ఫ్లెగ్రే. దాదాపు 40,000 ఏళ్ల కిందట అది పేలినప్పుడు కంపానియా మైదానమంతా మందపాటి బూడిద పరుచుకుంది. మళ్లీ 15,000 ఏళ్ల కిందట పేలింది. నేపుల్స్ ఇళ్లు కట్టిన పసుపుపచ్చ రాయి ఆ రెండో పేలుడు బూడిద గట్టిపడి అయినదే. చివరిసారి 1538లో నేల చీలి, వారం రోజుల్లో అంతకుముందు లేని ఒక కొండ లేచింది. దాన్ని ఇప్పటికీ కొత్త కొండ, మోంతే నూవో అనే పిలుస్తారు.

ఆ గుంట మధ్యన, సముద్రం ఒడ్డున పొజ్జువోలి ఉంది. రోమన్ల ప్యూటియోలి. కొత్త రేవులు కట్టేదాకా రోమ్ మహానగరానికి తూర్పు సముద్రాల సరుకు దిగింది ఇక్కడే. అలెగ్జాండ్రియా నుంచి ధాన్యపు ఓడలు వస్తున్నాయంటే ఊరు ఊరంతా కట్ట మీదికి పరుగెత్తేదని సెనెకా తన లేఖల్లో ఒకదానిలో రాశాడు. క్రైస్తవ పాఠకులకు ఈ రేవు పేరు బైబిల్‌లో పొతియొలీగా పరిచయమే. ఖైదీగా రోమ్‌కు వెళ్తున్న పౌలు అలెగ్జాండ్రియా ఓడ దిగింది ఇక్కడ. అరేబియా నుంచి వచ్చిన నబతేయ వర్తకులకు ఇక్కడ సొంత గుడి ఉండేది; దాని బలిపీఠాలు ఇటీవల సముద్రం అడుగున బయటపడ్డాయి.

ఇండియాతో వ్యాపారం చేసిన ఒక కుటుంబం అడుగుజాడలు కూడా ఈ ఊరితో ముడిపడ్డాయి. అన్నియస్ ప్లోకామస్ అనే పెద్దమనిషి విముక్త బానిస ఒకడు గాలివానకు కొట్టుకుపోయి సింహళం చేరాడని ప్లినీ చెప్తాడు. ఇది కట్టుకథ అనుకునేవాళ్లు కొందరు. తర్వాత, ఈజిప్టు ఎడారిలో ఎర్రసముద్రపు రేవులకు పోయే దారిలో, బండరాతి మీద ఒక చెక్కుడు దొరికింది. అన్నియస్ ప్లోకామస్ బానిస లైసాస్ క్రీ.శ. 6వ ఏట జూలైలో అక్కడ ఆగి తన పేరు గీసుకున్నాడు. ఆ ఇంటిపేరు వాళ్ల శాసనాలు ప్యూటియోలిలో ఉన్నాయి. ఒక రేవు, ఒక ఇల్లు, ఎడారి నీడలో ఆగిన ఒక బానిస: వ్యాపార చరిత్ర ఇంత దగ్గరగా కనిపించడం అరుదు.

పొజ్జువోలిలో మెచ్చుకోకుండా దాటలేని చోటు పాత అంగడి. 18వ శతాబ్దిలో తవ్వినప్పుడు సెరాపిస్ దేవుడి విగ్రహం దొరకడంతో గుడి అనుకున్నారు గానీ, అది మాంసం, చేపలు అమ్మిన సంత. అక్కడ మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. వాటి నడుం చుట్టూ పట్టీ కట్టినట్టు చిల్లులు. ఆ చిల్లులు రాతిని తొలిచే సముద్రపు ఆల్చిప్పలవి. అవి ఉప్పునీటిలోనే బతుకుతాయి. చిల్లులు నేలకు 7 మీటర్ల ఎత్తు దాకా ఉన్నాయి. అంటే ఈ అంగడి అంత లోతుకు సముద్రంలో మునిగి, స్తంభాలు పడిపోకుండానే మళ్లీ పైకి లేచింది. 1830లో చార్లెస్ లయెల్ భూగర్భశాస్త్రం మీద రాసిన గొప్ప పుస్తకానికి ముఖచిత్రంగా ఈ స్తంభాలనే వేసుకున్నాడు. నేల నెమ్మదిగా లేస్తుంది, దిగుతుంది అనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆ లేవడం పాత ముచ్చట కాదు. 1970లో పొజ్జువోలి పాతపేట రియోనె తెర్రా జనాన్ని ప్రభుత్వం ఖాళీ చేయించింది. వాళ్లు మళ్లీ ఆ ఇళ్లకు రాలేదు. 1982 నుంచి 1984 మధ్య నేల 1.8 మీటర్లు లేచింది. పడవలు కట్టే కట్ట నీటికి అందక, కింద కొత్త కట్ట కట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మళ్లీ రెండు దశాబ్దాలుగా లేస్తోంది. 2024 మే నెలలో 4.4 తీవ్రతతో కంపించింది. ఈ గుంటలో దాదాపు అయిదు లక్షల మంది కాపురముంటున్నారు. చూడడానికి వెళ్లినవాళ్లు దాన్ని వింతగా చూసి వచ్చేయకూడదు. అక్కడి తల్లులు రాత్రిళ్లు పిల్లలకు చెప్పులు మంచం పక్కనే పెట్టించి పడుకోబెట్టే రోజులుంటాయి.

పొజ్జువోలికి పడమర బాయా. రోమన్ ధనవంతుల విలాసపు తీరం. వేడినీటి బుగ్గలు, మేడలు, చేపల చెరువులు. ఈ చుట్టుపక్కల దొరికే బూడిదను సున్నంతో కలిపితే నీళ్లలో కూడా గట్టిపడుతుందని వాళ్లు కనిపెట్టారు. పొజ్జొలానా అనే ఆ బూడిదే లేకపోతే రోమన్ రేవులు లేవు, గుమ్మటాలు లేవు. బాయాలో మెర్క్యురీ గుడి అని పిలిచే స్నానశాల గుమ్మటం 21 మీటర్లకు పైగా వెడల్పు. రోమ్‌లో పాంథియన్ కట్టడానికి చాలాముందే ఇక్కడ ఆ పని జరిగింది. ఆ మేడల్లో సగం ఇప్పుడు నీటి కింద ఉన్నాయి. గాజు అడుగున్న పడవలో కూర్చుంటే కింద రంగురాళ్ల నేలలు, వీధులు కనిపిస్తాయి. క్లాడియస్ చక్రవర్తి విందుశాల కూడా అక్కడే మునిగి ఉంది. అందులో దొరికిన శిల్పాల్లో, ఒంటికన్ను రాక్షసుణ్ణి తాగించి పడగొట్టడానికి ఒడిస్సియస్ వెంట వైన్ తిత్తి పట్టుకుని నిలబడ్డ సహచరుడు ఉన్నాడు. అసలు శిల్పాలు బాయా కోటలోని మ్యూజియంలో ఉన్నాయి, నీటి అడుగున నకళ్లు పెట్టారు.

ఇంకాస్త లోపలికి నడిస్తే అవెర్నో సరస్సు. గుండ్రటి బిలంలో నిలిచిన నీరు. పాతాళానికి దారి ఇదేనని వర్జిల్ కావ్యంలో ఉంది. ఇవాళ దాని గట్ల మీద ద్రాక్ష పండుతోంది: తెల్ల ద్రాక్ష ఫలాంఘీనా, ఎర్ర ద్రాక్ష పియెదిరొస్సో. ఈ తీగల్లో ఒక విశేషం ఉంది. 19వ శతాబ్ది రెండో సగంలో ఫిలాక్సెరా అనే పేను వేళ్లు కొరికి యూరప్ ద్రాక్షతోటల్ని నాశనం చేసింది. అప్పటి నుంచి అక్కడ దాదాపు ప్రతి తీగనూ అమెరికా మొక్క వేరుకు అంటుకట్టే పెంచుతున్నారు. ఇక్కడ ఆ అవసరం రాలేదు. అగ్నిపర్వతపు వదులు ఇసుకలో ఆ పేను బతకలేదు. తీగ ముసలిదైతే పక్క కొమ్మను మట్టిలో వంచి నేలంటు కట్టి కొత్త తీగ లేపుతారు. అంటే సొంత వేరు మీద నిలబడ్డ తీగ. ఆ ఫలాంఘీనా వైన్ లేత పసుపు, నాలుక మీద నిమ్మపులుపు, చివర కాస్త ఉప్పదనం. ఒడ్డున వేయించిన చిన్నచేపల పక్కన ఇంతకన్నా పొందిక మరొకటి లేదు.

కానీ రోమన్లు ప్రాణం పెట్టిన వైన్ ఇది కాదు. ఉత్తరాన, కంపానియా సరిహద్దులో మాస్సికో కొండ వాలుల మీద పండిన ఫలెర్నియన్. క్రీ.పూ. 121లో ఒపిమియస్ కాన్సల్‌గా ఉన్న ఏట ఎండ బాగా కాసి, పంట అద్భుతంగా వచ్చిందట. ఆ ఏటి వైన్ దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత తన కాలంలో కూడా కాస్త మిగిలి, చేదు తేనె పాకంలా చిక్కబడిందని ప్లినీ రాస్తాడు. మంట చూపిస్తే అంటుకునే వైన్ ఇదొక్కటేనంటాడు. కొండ పైభాగం, నడుం, కింది వాలు: మూడింటికీ మూడు పేర్లు, మూడు ధరలు. పాంపేయి ఊళ్లో ఒక తాగుడుకొట్టు గోడ మీద ధరల పట్టీ దొరికింది. మామూలు సరుకు ఒక ఆస్, మంచిది రెండు, ఫలెర్నియన్ నాలుగు. ఆస్ అంటే చిన్న రాగి నాణెం. కూలివాడు కూడా ఎప్పుడో ఒకసారి నాలుగు ఆస్‌లు పెట్టి రాజుల వైన్ రుచి చూడగలిగేవాడన్నమాట. ఆ గిన్నెలో ఉన్నది నిజంగా ఫలెర్నియనేనా అని ప్లినీ అయితే తప్పకుండా అడిగేవాడు. రైతులు మంచితనం వదిలి రాశి వెంట పడ్డారని, ఫలెర్నియన్ పేరు చెడుతోందని ఆయన అప్పటికే బాధపడ్డాడు.

ఆ తోటల్లో పనిచేసింది ఎవరు? వ్యవసాయం మీద రాసిన కొలుమెల్లా, ద్రాక్షతోటల పని చాలావరకు సంకెళ్లలో ఉన్న బానిసలతోనే సాగుతుందని మామూలు విషయంగా చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. ఆ మాట దగ్గర నేను ముందుకు వెళ్లలేకపోయాను. మన రేవుల్లో దిగిన ప్రతి కూజా వెనకా ఆ సంకెళ్లున్నాయి. కంపానియాలో ఇంకో పద్ధతి, తీగను పొడవైన పాప్లర్ చెట్ల మీదికి ఎక్కించడం. కోతకు కూలివాడు నిచ్చెన వేసుకుని తాటిచెట్టెక్కే మన గీత కార్మికుడిలా ఆకాశంలో పనిచెయ్యాలి. జారిపడి చస్తే చితి, సమాధి ఖర్చులు యజమాని పెట్టుకోవాలని కూలివాళ్లు ఒప్పందంలోనే రాయించుకునేవారని ప్లినీ నమోదు చేశాడు. ఆ పద్ధతి అవెర్సా ఊరి దగ్గర నేటికీ బతికి ఉంది. అస్ప్రీనియో అనే పుల్లటి తెల్ల ద్రాక్షను 15 మీటర్ల ఎత్తున చెట్ల మధ్య గోడలా అల్లిస్తారు. సన్నటి పొడుగు నిచ్చెన మీద మోకాలు గుచ్చి నిలబడి, గెల కోసి, బుట్టను తాడుతో కిందికి దింపుతారు. ఎక్కగలిగేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఈ ద్రాక్షతీగే ఒకసారి బానిసలకు తాడైంది. క్రీ.పూ. 73లో కాపువా ఊరి మల్లశాల నుంచి పారిపోయిన స్పార్టకస్, అతని తోటివాళ్లు వెసూవియస్ మీద దాక్కున్నారు. రోమన్ సైన్యం 3,000 మందితో వచ్చి ఉన్న ఒక్క దారీ మూసింది. కొండ మీద అడవి ద్రాక్ష విపరీతంగా పెరిగి ఉంది. వాళ్లు ఆ తీగలు కోసి, నిచ్చెనలు అల్లి, అవతలి కొండచరియ నుంచి దిగి, సైన్యం వెనక నుంచి మీద పడ్డారు. ప్లూటార్క్ రాసిన ఈ కథనంలో ఆ కొండకు నిప్పు లేదు, నునుపైన చరియలూ తీగలూ మాత్రమే ఉన్నాయి. పాంపేయిలోని ఒక ఇంటి పూజాగది గోడ బొమ్మలోనూ అంతే. ఒంటినిండా ద్రాక్షగుత్తులు తొడుక్కున్న బాకస్ దేవుడు, పక్కన తీగల వరసలున్న కొండ. అది ఇప్పుడు నేపుల్స్ జాతీయ మ్యూజియంలో ఉంది.

79లో ఆ కొండ పేలింది. ఆగస్టు 24 అని చాలాకాలంగా చెప్పుకుంటూ వచ్చారు. 2018లో పాంపేయిలో ఒక గోడ మీద బొగ్గుతో రాసిన రాత బయటపడింది. అది అక్టోబర్ 17 నాటి తేదీ చూపిస్తోంది. బొగ్గు రాత ఏడాది పొడవునా నిలవదు కాబట్టి పేలుడు అక్టోబర్ 24న జరిగి ఉంటుందని ఇప్పుడు చాలామంది అంటున్నారు. దీనికి ద్రాక్ష కూడా సాక్ష్యం పలికింది. కోత అయిపోయింది, రసం నేలలో పాతిన గోలేల్లోకి చేరింది, మూతలు పెట్టేశారు. ఆగస్టులో అది కుదరదు.

ఆ గోలేలు చూడాలంటే పాంపేయికి కాస్త ఉత్తరాన బోస్కోరియాలెకు వెళ్లాలి. జనం పాంపేయి చూసి తిరిగిపోతారు. ఇక్కడ నిశ్శబ్దంగా ఉంటుంది. విల్లా రెజీనా అనే చిన్న రైతు ఇల్లు. వాకిట్లో మెడదాకా పాతిన 18 మట్టి గోలేలు. వాటిలో మొత్తం 10,000 లీటర్లు పడుతుంది. పక్కనే తొక్కుడు తొట్టి, గానుగ గది. మహా విల్లాల పాలరాతి కన్నా ఈ వాకిలి ఈ తీరపు ఆర్థిక జీవితాన్ని బాగా చెప్తుందని నా నమ్మకం. ఇక్కడి నుంచి కూజాలకెక్కిన వైన్ ఒప్లాంటిస్ లాంటి చోటుకు చేరేది. అక్కడ ఒక గిడ్డంగి భవనంలో వందల కూజాలు దొరికాయి. తలకిందులుగా ఆరబెట్టినవి ఉన్నాయి.

బూడిద ఇంకో మేలు కూడా చేసింది. తీగ వేరు కుళ్లిపోయాక దాని చోట ఖాళీ మిగిలింది. అమెరికా పురావస్తు పరిశోధకురాలు విల్హెల్మినా జషెమ్‌స్కీ 1960ల్లో ఆ ఖాళీల్లో సిమెంటు పోసి, గట్టిపడ్డాక చుట్టూ మట్టి తవ్వి, వేళ్ల ఆకారాలు బయటికి తీసింది. పాంపేయి ఆంఫిథియేటర్ ఎదురుగా, అంతకుముందు పశువుల సంత అనుకున్న జాగాలో, రెండు వేలకు పైగా ద్రాక్ష వేళ్లు వరసలు తీరి కనిపించాయి. ఊరి గోడల లోపలే అంత తోట! 1996 నుంచి మాస్త్రోబెరార్దీనో అనే స్థానిక వైన్ సంస్థ అదే వరసల్లో అదే ఎడంతో పాత రకాల తీగలు నాటింది. 2001 పంట నుంచి వైన్ తీసింది.

పాంపేయి నుంచి మనకు దగ్గరి వస్తువు ఇంకొకటుంది. 1938లో అమెదేయో మైయూరి తవ్వకాల్లో ఒక ఇంట్లో జానెడు పైచిలుకు ఎత్తున్న దంతపు స్త్రీమూర్తి దొరికింది. ఒంటినిండా నగలు, ఇరువైపులా చిన్న పరిచారికలు. పాంపేయి లక్ష్మి అంటారు. యక్షి అనడమే న్యాయం. తల నుంచి కిందికి రంధ్రం ఉంది కాబట్టి అద్దానికో, చిన్న బల్లకో పిడి అయి ఉండాలి. మహారాష్ట్రలోని భోకర్దన్‌లో దొరికిన దంతపు ముక్కతో దీని పోలిక చూసి, శాతవాహనుల ఏలుబడిలోని పనివాడి చేతి నుంచి వచ్చిందనే వాదన ఉంది. నాకు అది బలమైన వాదనగానే కనిపిస్తుంది. ఇటు నుంచి వైన్ కూజా, అటు నుంచి దంతపు యక్షి. ఏదీ రాజుల కానుక కాదు, రెండూ అంగట్లో కొన్న సరుకులు.

వైన్ మన వైపు వచ్చిన దారి కొంచెం చెప్పాలి. ప్యూటియోలి నుంచి అలెగ్జాండ్రియా, అక్కడ నుంచి నైలు నది మీద కోప్టస్, ఆ తర్వాత ఒంటెల మీద 12 రోజులు ఎడారి దాటి బెరెనీకె రేవు. జూలైలో ఓడ వదిలితే నైరుతి రుతుపవనం తీసుకొచ్చి ఇండియా తీరాన పెడుతుంది. బెరెనీకె చెత్తకుప్పల్లో సుంకం చీటీలుగా వాడిన పెంకులు దొరికాయి. వాటి మీద ఎక్కువగా కనిపించే సరుకు వైన్, అందులో ఇటలీ వైన్ అని పేరు పెట్టి రాసినవి ఉన్నాయి. క్రీ.శ. ఒకటో శతాబ్దపు పెరిప్లస్ అనే సముద్రయాన పుస్తక కర్త, గుజరాత్ తీరపు భృగుకచ్ఛంలో ఇటలీ వైన్‌కు మిగతావాటికన్నా గిరాకీ అని నావికులకు చెప్పాడు. మైసోలియా నూలుబట్ట గురించి చెప్పిందీ ఆయనే.

పేలుడు తర్వాత ఏమైంది? వెసూవియస్ చుట్టూ తోటలు, గోలేలు, గిడ్డంగులు ఒక్క రోజున పోయాయి. వైన్ ధర లేచింది కాబోలు, జనం ధాన్యపు పొలాల్లో కూడా ద్రాక్ష నాటడం మొదలుపెట్టారని కొందరు చరిత్రకారులు ఊహిస్తారు. 92లో డొమీషియన్ చక్రవర్తి ఇటలీలో కొత్త తోటలు వద్దని, పరగణాల్లో ఉన్నవాటిలో సగం పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు, దాన్ని గట్టిగా అమలు చేయలేదు. కొండ చల్లబడ్డాక తీగ మళ్లీ అదే బూడిదలో వేరు పెట్టింది. 1631లో కొండ మళ్లీ పేలి వేలమందిని చంపింది, 1906లో చంపింది, 1944 మార్చిలో యుద్ధం మధ్య లావా పారి సాన్ సెబాస్తియానో ఊరిని మింగింది. ప్రతిసారీ జనం తిరిగి వచ్చారు. పొటాషియం నిండిన నేల, నీరు నిలవని వాలు, సముద్రపు గాలి వాళ్లను వెనక్కి పిలిచాయి. ఇప్పుడు ఆ వాలుల వైన్ లాక్రిమా క్రిస్తి. స్వర్గం నుంచి లూసిఫర్ దొంగిలించి తెచ్చిన ముక్క ఈ తీరమని, దాన్ని చూసి క్రీస్తు కార్చిన కన్నీటి నుంచి ఈ తీగలు మొలిచాయని అక్కడి పాత కథ. ప్రమాదం ఎక్కువున్న వృత్తంలో ఏడు లక్షల దాకా జనం ఉన్నారు.

ఫలెర్నియన్ మాత్రం రోమ్‌తో పాటే చాలాకాలం కనుమరుగైంది. గత శతాబ్ది రెండో సగంలో కొందరు పట్టుబట్టి మాస్సికో వాలుల్లో పాత రకాలు వెతికి నాటారు. 1989లో దానికి అధికారిక గుర్తింపు వచ్చింది. పేరు పాతదే అయినా ఆనాటి రుచి ఇదేనని ఎవరూ ప్రమాణం చేయలేరు. అప్పటి వైన్ తెలుపు, ఏళ్లు గడిచాక అంబరు రంగు, నీళ్లు కలిపి తాగేవాళ్లు. ఇప్పటి ఎర్ర ఫలెర్నో ఎక్కువగా అల్యానికో ద్రాక్షది, ముదురు రంగుది.

అఖాతానికి దక్షిణపు కొస సొర్రెంతో, దాని వెనక అమాల్ఫీ తీరం. బొమ్మల్లో అందరూ చూసిన తీరం కాబట్టి తొందరగా దాటుతాను. చెస్ట్‌నట్ కర్రల పందిళ్లు, కింద నిమ్మ, పైన ద్రాక్ష, కొండను మెట్లుగా కోసిన రాతిగోడలు. 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. త్రమోంతి లోయలో నూరేళ్లు దాటిన తింతోరె తీగలు మనిషి నడుమంత లావుంటాయి. రోమన్ వైద్యులు సొర్రెంతో వైన్ ఆరోగ్యానికి మంచిదనేవాళ్లు. అది వైద్యులు కుమ్మక్కై తెచ్చిన పేరని, నిజానికి అది గొప్పింటి వెనిగర్ అని టిబెరియస్ చక్రవర్తి కొట్టిపారేశాడట. ఆయన ఆ ఎదుటి కాప్రీ దీవిలో ఏళ్ల తరబడి ఉన్నాడు. ఆయన ముఖమే అక్కెనపల్లి దినారాల మీద ఉంది.

ఇక మన ఇంటి సంగతి. నాగార్జునకొండ మ్యూజియంలో రాజప్రాసాదం దగ్గర దొరికిన ఒక శిల్పం ఉంది. లేత గడ్డం, పైన బట్ట లేదు, చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్ర, పక్కన పీపా. గ్రీకుల డయోనైసస్ పోలికలున్నాయని పండితులు ఎప్పుడో గుర్తించారు. ఇక్ష్వాకుల విజయపురిలో, అంటే ఆనాటి నాగార్జునకొండలో, ద్రాక్ష పండలేదు. ఆ శిల్పి చూసిందో, విన్నదో, కృష్ణ మీదుగా పైకి వచ్చి ఉండాలి.

అక్కడితో తృప్తి పడకూడదని నా మనవి. దక్షిణాపథంలో ఎన్నో ఏళ్లు రోమన్ ఆంఫొరాలుగా లెక్కకట్టిన పెంకుల్ని ఈ మధ్యకాలంలో రొబెర్టా టాంబర్ లాంటి నిపుణులు మట్టి చూసి మళ్లీ పరీక్షిస్తే, వాటిలో చాలా మెసొపొటేమియా నుంచి తర్వాతి శతాబ్దాల్లో వచ్చిన చెవుల్లేని జాడీలని తేలింది. మన కృష్ణా, గోదావరి తీరాల తవ్వకాల్లో తీసి, గోనెసంచుల్లో కట్టి, మ్యూజియం గోదాముల్లో పెట్టిన పెంకులకు కూడా ఆ పరీక్ష జరగాలి. చిన్న ముక్క కోసి, పలచగా అరగదీసి, సూక్ష్మదర్శిని కింద పెడితే చాలు. నల్ల ఆగైట్ రేణువులు కనిపిస్తే అది నేపుల్స్ అఖాతానిది. కనిపించకపోతే అదీ కబురే: మనకు వైన్ వేరే తీరం నుంచి వచ్చిందనో, రానే లేదనో తెలుస్తుంది. ఈ పని చేయడానికి విశ్వవిద్యాలయాల్లో భూగర్భశాస్త్ర శాఖలున్నాయి, పనిముట్లున్నాయి.

వచ్చే భాగంలో కోప్టస్ నుంచి బెరెనీకె దాకా, ఒంటెల బాడుగ రాసుకున్న నికానర్ కుటుంబపు లెక్కల చీటీలు చదువుతూ ఎడారి దాటుదాం.